ఎద్దు మెడలో రోమన్ బ్రోచ్

పెద్దపంజాణి దగ్గర బస్సు చెడిపోతే, రోడ్డు పక్క ఇంట్లో ఒకావిడను మంచినీళ్లు అడిగాను. ముంగిట్లో కట్టేసిన ఎద్దు మెడతాడుకు బట్టలకు గుచ్చుకునే పిన్నులాంటి కంచు బ్రోచ్ ఒకటి చిలుం పట్టి వేలాడుతోంది. అచ్చం అలాంటి రోమన్ బ్రోచ్‌నే మ్యూజియం అద్దం వెనక చూశాను. పాత వస్తువుల కోసం ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్నాను. నాకు తుప్పు మేకు కూడా దొరకలేదు.

“ఇదెక్కడిదమ్మా?”

“సేను దున్నతాంటే దీని కాళ్లకాడ బయటపడిందప్పా.”

“నాకిస్తారా?”

“నేనెట్లిచ్చేది? దున్నేటప్పుడు దొరికింది ఎద్దుకే కట్టాల. అది దాని సొత్తు.”

ఎద్దు తాపీగా నెమరువేస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. కళ్లు మాత్రం తిప్పుకోలేకపోయాను.

ఆమె చెంబు నా చేతిలో పెట్టి, నాకూ ఎద్దుకూ మధ్య వచ్చి నిలబడింది.

“దాన్ని అట్ల సూడొద్దప్పా, దిష్టి తగల్తాది. నీళ్లు తాగు.”