రేపల్లె రైల్లో నిలబడ్డాను

తెనాలిలో రేపల్లె రైలెక్కింది మొదలు ఫోనులో అందరికీ ఒకటే పాట పాడాను: ఇవాళ్టికి యాభై నిండాయి, పురుగుమందులు అమ్మే ఉద్యోగం మానేశాను, రేపటి నుంచి ఒక కంపెనీలో సామాజిక బాధ్యత విభాగం నాదే. ఇన్నాళ్లూ పురుగుల్ని చంపినవాణ్ణి, ఇక మనుషులకు మేలు చెయ్యాలట. అది నాకు చేతనవుతుందా అన్న భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వేమూరు దాటాక ఎదుటి సీటులోని పెద్దావిడ పలకరించింది.

"పుట్టినరోజా బాబూ?"

"అవునండి."

"కొత్త ఉద్యోగం కూడానా! అయితే లేచి నిలబడండి. మా చర్చిలో అట్టాగే నిలబెట్టి ప్రార్థన చేస్తాం."

"రైల్లోనా అమ్మా?"

"రైల్లో అయితే దేవుడికి వినపడదా ఏంటి?"

నిలబడ్డాను. ఆమె కొంగు తలమీద కప్పుకుని కళ్లు మూసుకుంది. 

"తండ్రీ, ఈ బిడ్డకి భయంగా ఉంది. అందుకే ఇంతగా మాట్లాడుతున్నాడు. వినే చెవులియ్యి."

అలవాటు లేకపోయినా "ఆమెన్" అన్నాను.

ఆ ఉద్యోగంలో ఇప్పటికీ ఏ ఊళ్లో మైకు చేతికిచ్చినా ముందు కాసేపు ఊరికే నిలబడతాను. సార్ ప్రసంగం మర్చిపోయారని మా ఆఫీసువాళ్లు గుసగుసలాడతారు. అది సగం నిజమే. ఈలోగా జనంలోంచి ఎవరో ఒకరు మాట్లాడటం మొదలుపెడతారు.