ఆదిలక్ష్మి తీసిన సంగటి ఫోటో

మా కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, ఎండలు ముదిరే రోజుల్లో, నన్ను పెనుకొండకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను ప్రభుత్వ ప్రచార విభాగంలో సీనియర్ ఫోటోగ్రాఫర్‌ని. పదవీ విరమణకు ఏడాది మిగిలింది. డెప్యుటేషన్ అంటే జీతం పాత కార్యాలయంలో, పని కొత్త కార్యాలయంలో. మా రోజువారీ పనిని కవరేజి అనేవాళ్ళం. మంత్రిగారి సభ, కలెక్టరుగారి తనిఖీ, శంకుస్థాపన, జెండా వందనం ఇవన్నీ తీసి, వేదిక మీద ఎవరు ఎవరి పక్కన ఉన్నారో పేర్లూ హోదాలూ తప్పు లేకుండా రాసి, సాయంత్రంలోగా పత్రికలకు అందించాలి. సర్వీసంతా నేను తీసినవి మనుషుల ముఖాలే. భోజనానికి కూర్చున్నవాళ్ళను ఎన్నోసార్లు తీశాను గానీ భోజనాన్ని ఎన్నడూ తీయలేదు.

అటువంటి నాకు పెనుకొండలో అప్పగించిన పని వంటల ఫోటోలు తీయడం నేర్పించడం. హిందూపురంలో కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు ఒకే ఆవరణలోకి మారుతున్నాయి. అక్కడి క్యాంటీన్‌ను ఏదైనా మహిళా సంఘానికి ఇవ్వాలని నిర్ణయించారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి ఒక్కో సంఘం పోటీకి నిలిచింది. ఏ పూటకు ఏం వండుతున్నారో ఫోటో తీసి అందరి ఫోన్లకూ పంపితే, దాన్ని చూసి ఆర్డర్లు వస్తాయన్నది ఆలోచన. అందుకని ఎంపికలో మొదట ఫోటోలు, తరువాత రుచి. రెండూ ఒకే రోజు, కమిటీ ముందే. పథకాన్ని నడిపే ప్రాజెక్టు అధికారిణి వయసులో నాకన్నా చాలా చిన్నది, మాటలో మాత్రం పెద్దది. మొదటి రోజే నాతో, మీరు చెప్పవచ్చు, చూపించవచ్చు, వాళ్ళ ఫోన్ మాత్రం మీ చేతిలోకి తీసుకోకూడదు అని చెప్పింది. ఆ నియమాన్ని నేను చివరిదాకా పాటించాను.

శిక్షణకు హిందూపురం, ధర్మవరం వాళ్ళు చదువుకున్న, ఫోన్ బాగా తెలిసిన అమ్మాయిలను పంపారు. పెనుకొండ సంఘం నుంచి నలభై దాటిన ఆదిలక్ష్మి వచ్చింది. ఫోన్ కూడా ఆమెది కాదు, కూతురిది. ఈమెనే ఎందుకు పంపారని సంఘం లీడరు సరోజమ్మను అడిగాను. ఆమె దాచకుండా చెప్పింది. "మిగిలినోళ్ళు లేకుంటే పొయ్యికాడ జరగదు సార్. ఆదిలక్ష్మి లేకున్నా జరుగుతాది."

ఆదిలక్ష్మి ఆ మాట విన్నది. 

వంటల ఫోటో మొదలుపెట్టేవాళ్ళు చేసే పొరపాట్లు కొన్ని అందరివీ ఒకటే. మొదటిది లెన్సు. వంటగదిలో ఫోన్ వాడేవాళ్ళ వేలి నూనె అంతా లెన్సు మీదే ఉంటుంది. అందుకే ఫోటో మంచు పట్టినట్టు వస్తుంది. మెత్తని పాత నూలుగుడ్డతో తుడిస్తే సగం బాగుపడుతుంది. రెండోది ఫ్లాష్. ఎదురుగా పడే ఆ వెలుగుకు పప్పు పసుపు సుద్దలా, కూర జిడ్డులా కనిపిస్తుంది. ఫ్లాష్ ఆపి, గదిలో లైట్లు కూడా ఆపి, పళ్ళేన్ని కిటికీ పక్కకు చేర్చాలి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టాలి. వెలుగు ఒక పక్కనుంచి వస్తే రెండో పక్క నీడ పడుతుంది కదా, అక్కడ తెల్ల అట్టముక్క నిలబెడితే ఆ నీడ పలుచబడుతుంది. మేం సభల్లో పెద్ద సామాను మోసుకెళ్ళి చేసే పని ఒక అట్టముక్క చేసిపెడుతుంది. ఇక స్టీలు పళ్ళెం. మొదటి రోజు ధర్మవరం అమ్మాయి తీసిన చిత్రాన్నం ఫోటోలో పళ్ళెం అంచున నా ముఖం స్పష్టంగా వచ్చింది. మరునాటి నుంచి అందరూ విస్తరాకులు తెచ్చుకున్నారు.

ఒబ్బట్టు, దోసె లాంటి పరచినట్టుండే వాటిని నేరుగా పైనుంచి తీయాలి. సంగటి ముద్దలాగా ఎత్తున్నవాటిని పళ్ళెం మట్టానికి వంగి పక్కనుంచి తీయాలి. భోజనం మొత్తం చూపాలంటే తినడానికి కూర్చున్న మనిషి కంటికి ఎలా ఆనుతుందో ఆ ఎత్తున తీయాలి. ఇవి నేను చెబుతూనే నేర్చుకున్నాను. ముందు రోజు గదిలో ఒక ఉల్లిగడ్డనో, హోటల్ ఇడ్లీనో ముందు పెట్టుకుని తీసి చూసుకుని, మరునాడు పాఠం చెప్పేవాణ్ణి.

ఆ అమ్మాయిలిద్దరూ తొందరగా పట్టుకున్నారు. ఒక పదార్థానికి ఇరవై ముప్పై ఫోటోలు చకచకా తీసి అందులో ఒకటి ఏరుకునేవాళ్ళు. ఆదిలక్ష్మి పద్ధతి వేరు. పళ్ళేన్ని ముందు పెట్టుకుని చాలాసేపు ఊరికే చూసేది. కాస్త తిప్పేది. మళ్ళీ చూసేది. ఆ తరువాత ఒకటో రెండో తీసేది. మొదట్లో అవి గొప్పగా లేవు. చేయి కదిలి మసకగా వచ్చేవి. ఫోన్ పట్టుకున్న మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కమని చెప్పాక ఆ దోషం పోయింది. ఒకరోజు ఆమె అలసంద వడల ముందు అలాగే కూర్చుని ఉంటే, అంతసేపు ఏం చూస్తున్నావమ్మా అని అడిగాను.

"నాకు వాసన తెల్దు సార్," అంది. "కరోనా వచ్చి పోయినప్పట్నుంచి ముక్కు పనిచేయదు. రుచి కూడా అంతంతమాత్రమే. ఉప్పూ కారం నాలిక మింద తగుల్తాయి, అంతే. ముందు మా సంఘంలో వంట నాదే. తిరగవాత మాడిపోతాన్నా తెలీక రెండుసార్లు పప్పంతా పారబోసినాం. సరోజక్క ఏమనలేదు. నేనే గిన్నెలు తోమే కాడికి పోయినా. ఇప్పుడు ఏదైనా కంటితోనే తెలుసుకోవాల. అందుకే చూస్తాండా."

అనంతపురంలో, తిరుపతిలో డాక్టర్లకు చూపించిందట. వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారట. ఇదంతా ఆమె ఫిర్యాదులా చెప్పలేదు. ఎండాకాలం బావిలో నీళ్ళు తగ్గాయని చెప్పినట్టు చెప్పి, వడ ఒకటి విరిచి లోపలి వైపు వెలుగుకు తిప్పింది. కరకరలాడే పైపొర, లోపల అలసందల పలుకు, మధ్యలో పచ్చిమిరప ముక్క. ఆ ఫోటో చూస్తే నోట్లో కరకరమన్నట్టే అనిపించింది. వడను విరవమని నేను చెప్పలేదు, నాకు తట్టనూ లేదు.

ఆ రోజు నుంచి ఆమె ఎదుగుదలను గమనించడం నాకు ఇష్టమైన పనైంది. అన్నిటికన్నా కష్టమైన పదార్థం రాగి సంగటి. నల్లటి ముద్ద. తెల్ల పళ్ళెంలో పెడితే ఫోన్ ఆ తెలుపును చూసి ఫోటో మొత్తాన్ని చీకటి చేస్తుంది, ముద్ద బొగ్గులా వస్తుంది. తెర మీద ముద్దనే వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపాలి. పైగా కాసేపు ఆరితే ముద్ద మీద పొర కట్టి పగుళ్ళు వస్తాయి. మా వృత్తిలో వంటలు తీసేవాళ్ళు ఇలాంటప్పుడు మెరుపు కోసం గ్లిజరిన్ పూస్తారని ఎవరో చెప్పగా విని, ఆ సంగతి చెప్పాను. ఆదిలక్ష్మి ఒప్పుకోలేదు. "అది పూసినాక ఆ ముద్ద ఎవరు తింటారు సార్? తినేదే ఫోటో తీయాల గదా." ఆమె తనకు తానే ఒక పద్ధతి కనుక్కుంది. తడిచేత్తో ముద్దను అప్పటికప్పుడు తిప్పి, పైన బొటనవేలితో గుంత చేసి, అందులో నెయ్యి పోసి, కరిగిన నెయ్యి అంచు దాటి జారే క్షణంలో తీసింది. ఆవిరి కూడా రావాలని పట్టుపట్టింది. వెలుగు వెనకవైపు నుంచి వచ్చి, ఆ వెనక నల్లటి గుడ్డ ఉంటేనే ఆవిరి కనిపిస్తుందని చెప్పాను. ఇంట్లో తలుపుకు నల్ల దుప్పటి కట్టి అది సాధించేదాకా వదల్లేదు.

పోటీ రోజు హిందూపురంలో ఆవరణ బయట షామియానా వేశారు. ఎరుపు, పసుపు చారల గుడ్డ. దాని కింద మూడు పొయ్యిలు, మూడు బల్లలు. పక్కన కమిటీకి కుర్చీలు. వంటలు మొదలయ్యాయి. హిందూపురం వాళ్ళు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తీసి చూసుకుని, రంగు ఎక్కడో తేడాగా ఉందని ఫోన్‌లోని ఫిల్టర్లు మార్చి మార్చి చూస్తున్నారు. ఆదిలక్ష్మి ఒక ఫోటో తీసి, తెర వైపు చూసి, తల ఎత్తి పైన గుడ్డను చూసింది. అధికారిణి దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, ఈడ అన్నీ ఎర్రగా వస్తాండాయి. మేం చేసిన రంగు ఇది కాదు. ఆ వరండాలో గోడ నీడ ఉండాది, ఆడికి పళ్ళెం తీస్కపోవచ్చునా?"

అధికారిణి నా వైపు చూసింది.  పోటీ రోజున నేను ఎవరి తరఫునా మాట్లాడకూడదు. ఆమె కమిటీతో ఒక మాట చెప్పి, ఎవరైనా వెళ్ళవచ్చని మూడు సంఘాలకూ వినబడేలా ప్రకటించింది. అందరూ వరండాకు చేరారు. తను కనిపెట్టిన చోటు పోటీవాళ్ళకు కూడా దక్కిందని ఆదిలక్ష్మి బాధపడినట్టు కనిపించలేదు. ధర్మవరం అమ్మాయి అట్టముక్క మరిచిపోయి వస్తే ఆదిలక్ష్మి తనది మధ్యలో నిలబెట్టింది, ఇద్దరూ వాడుకున్నారు.

చివరికి సంగటి వచ్చింది. సరోజమ్మ ముద్ద చేసి పళ్ళెంలో పెట్టి, కమిటీ పెద్దలు చూస్తున్నారు, తొందరగా కానీయమంది. ఆదిలక్ష్మి వంగి ఫోన్ పట్టుకుని, నొక్కకుండా ఆగిపోయింది. తెర మీద రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చూసింది.

"అక్కా, ఇది ఉడకలేదు."

"ఏమే, వాసన కమ్మగా వస్తాంది గదా. నీకెట్ల తెలుస్తాది?" అంది సరోజమ్మ.

ఆదిలక్ష్మి ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టింది. నల్లటి ముద్దలో అక్కడక్కడా ఆవగింజంత తెల్లటి చుక్కలు. సంగటి తిప్పే కట్టె సరిగా తిరగక ఉండలు కట్టి మిగిలిన పచ్చిపిండి. ఆవిరిలో, ఆ హడావుడిలో మామూలు కంటికి ఆనలేదు. సరోజమ్మ ఒక చుక్కను గోటితో చిదిమి నోట్లో వేసుకుంది. పళ్ళెం తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. పాత్రలో మిగిలిన సంగటిని వేడినీళ్ళు చిలకరించి, మూతపెట్టి మగ్గించి, ఇద్దరు పట్టుకుంటే ఇద్దరు తెడ్డుతో మెదిపారు. కమిటీ కాచుకుని ఉంది. ఒకాయన గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. 

రెండో ముద్దను ఆదిలక్ష్మి చాలాసేపు చూసింది. తడిచేత్తో తనే తిప్పింది. గుంత చేసి, నెయ్యి పోసి, ఒకే ఒక ఫోటో తీసింది.

ఆ ఫోటో కమిటీకి నచ్చింది. అంతకన్నా ముఖ్యం, దాని తరువాత కమిటీ తిన్నది ఫోటోలో ఉన్న ముద్దనే. క్యాంటీన్ పెనుకొండ సంఘానికి వచ్చింది. ఫలితం చెప్పాక సరోజమ్మ నా ముందే ఆదిలక్ష్మితో, "రేపట్నుంచి గిన్నెల కాడికి పోవద్దు. పొయ్యికాడ నువ్వు చూడు, వాసన నేను చూస్తా," అంది. ఆదిలక్ష్మి కొంగుతో ఫోన్ లెన్సు తుడుచుకుంటూ తల ఊపింది. నేను అక్కడ ఉండగా ఆమె కళ్ళు తడవడం ఆ ఒక్కసారే చూశాను.

పదవీ విరమణ తరువాత ఒకసారి ఆ క్యాంటీన్‌కు వెళ్ళాను. ఆమెకు వాసన తిరిగి రాలేదు. తిరగవాత మాత్రం ఇప్పుడు ఆమెదేనట. ఎండుమిరపకాయ ఏ రంగుకు తిరిగితే పొయ్యి తగ్గించాలో కొత్తగా చేరినవాళ్ళకు చూపిస్తూ కనిపించింది.

ఆ తరువాత కూడా కొన్ని ఊళ్ళలో వంటల ఫోటోల శిక్షణకు నన్ను పిలిచారు. పాఠం క్రమాన్ని నేను మార్చుకున్నాను. మొదటి పూట ఎవరినీ ఫోన్ బయటికి తీయనివ్వను. పళ్ళెం ముందు కూర్చోబెట్టి, కనిపిస్తున్నదేమిటో ఒక్కొక్కరినీ చెప్పమంటాను. వెలుగు సంగతి, కోణాల సంగతి మధ్యాహ్నం చెబుతాను. అలా నేర్చుకున్నవాళ్ళకు అవి త్వరగా పట్టుబడుతున్నాయి.