స్పాన్సర్ ఒప్పుకోని చావు

ఐర్లండ్‌లోని డ్రోహెడాలో డాక్టర్ శేషగిరి గారు స్పాన్సర్ లేనిదే తుమ్మనైనా తుమ్మరు. వృత్తికి మత్తుమందు డాక్టరు. టీవీ పుట్టిన కొత్తలో అమెరికాలో వచ్చిన నాటికలంటే ప్రాణం. వారానికో కొత్త కథ, కొత్త పాత్రలు. ఖర్చు భరించిన కంపెనీ పేరే కార్యక్రమానికి పేరు. కథ మంచి పట్టులో ఉండగా ఒకాయన అడ్డొచ్చి సబ్బు చూపించేవాడట. శేషగిరి గారికి కథకన్నా ఆ సబ్బే నచ్చింది.

కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ల కోసం నెలనెలా ఆయన వేయించే నాటికలకూ అదే పద్ధతి. ఎవరి దగ్గరా డబ్బు ముట్టుకోరు. అయినా స్పాన్సర్ మాటే వేదం. ఖైరున్నీసా గారి సమోసాలు స్పాన్సరైన నెల, విలన్ సమోసాలో పెట్టాల్సిన విషం పకోడీలోకి మారింది.

ఈ నెల హీరో జగన్. సాఫ్ట్‌వేర్ పొట్టకోసం, నటన లోకంకోసం అని అతని నమ్మకం. లోకం ఇంకా నమ్మలేదు. ఇంట్లో భార్య శ్రీజ బాక్స్ రూమనే ఇరుకు గదిలో కుట్టుమిషను పెట్టి జాకెట్లు కుడతానంది. నెలలు గడిచినా శేషగిరి గారి భార్య అనురాధ గారు తప్ప ఎవరూ గడప తొక్కలేదు.

"మీరైనా నలుగురికీ చెప్పచ్చుగా? ఈ వారం చూసి మిషను ఎవరికైనా ఇచ్చేస్తాను" అంది శ్రీజ.

జగన్‌కు మొహమాటం. భార్య జాకెట్లు కుడుతోందని హీరో ఎలా చెప్పుకుంటాడు?

రిహార్సల్లో ఉత్సాహంగా అన్నాడు. "అంకుల్, కత్తిపోటు తిని, చొక్కా చించుకుని, నెత్తురోడుతూ పడిపోతానండీ."

"వద్దు బాబూ. చొక్కా చిరక్కూడదు, మరక పడకూడదు. స్పాన్సర్ ఒప్పుకోరు."

"ఎవరండీ ఆ స్పాన్సర్?"

"ఆ రోజే చెప్తా. నువ్వు గుండెపోటుతో శుభ్రంగా పో."

వారమంతా జగన్ అద్దం ముందు శుభ్రంగా చచ్చాడు. నాటిక రోజు గుండె పట్టుకుని తూలాడు. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది కూడా. సరిగ్గా అప్పుడే శేషగిరి గారు మైకుతో వచ్చిపడ్డారు.

"ఆగు బాబూ! ఇతను రెండు నిమిషాల్లో పోతాడండీ. ఈలోగా మన స్పాన్సర్. అనూ, ఇలా వచ్చి వెనక్కి తిరుగు. ఈ మెడ చూడండి, ఈ కుట్టు చూడండి! ఇండియా నుంచి జాకెట్లు తెప్పించుకుని, అవి పట్టక ఏడ్చేవాళ్లంతా వినండి. ఇది కుట్టింది మన శ్రీజ. ఇదిగో, ఈ పోబోయేవాడి భార్యే!"

తను ఇన్నాళ్లూ నోరు విప్పి చెప్పలేని మాట మైకులో మోగుతుంటే జగన్‌కు సిగ్గేసింది. చచ్చేవాడు కాస్తా లేచి కూర్చున్నాడు.

"లోపల రెండంగుళాలు వదిలి కుడుతుందండీ! లావైనా కుట్టు విప్పుకోవచ్చు!" అని తనూ అరిచాడు.

హాలు గొల్లుమంది. ఆడవాళ్లంతా కుర్చీలు వదిలేసి శ్రీజ చుట్టూ మూగారు, మగవాళ్లూ వాళ్ల వెనకే లేచారు. "దీపావళిలోపు ఇస్తావా అమ్మా?" అని ఒకరు, "నాది ముందు" అని ఇంకొకరు. శ్రీజ ముఖం వెలిగిపోయింది. నాటికకు స్పాన్సరయ్యేదాకా ఖైరున్నీసా గారి సమోసాలనూ ఎవరూ ఎరగరని జగన్‌కు అప్పుడు తట్టింది. శేషగిరి గారి మీద కోపం తెచ్చుకోబోయి, కాళ్లకు దండం పెట్టాలనిపించి ఆగిపోయాడు.

"అంకుల్, మరి నేను?"

"ఇంక పోవచ్చు బాబూ. స్పాన్సర్‌కి అభ్యంతరం లేదు."

ఖాళీ కుర్చీల ముందు జగన్ నవ్వుకుంటూ హాయిగా చచ్చిపోయాడు. ఆ చావు ఎంతో సహజంగా ఉందని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.