మంచినీళ్ళలో తేలిన కోటలు

మా చిన్నప్పుడు... మద్రాసు నుంచి మామయ్య రాగానే నేను ఆయన చేతిసంచీ మీద పడేదాన్ని. బిస్కెట్ల కోసం అనుకునేరు... కాదు! ఆయన హార్బరు దగ్గర ఓడల ఆఫీసులో గుమాస్తా. అక్కడికొచ్చే కవర్ల మీది విదేశీ స్టాంపులను కాగితంతో సహా కత్తిరించి, పొట్లం కట్టి తెచ్చేవాడు.

పువ్వులు, పక్షులు ఉన్నవన్నీ నా జతగత్తె, పక్కింటి మస్తానమ్మకి. కోటలు మాత్రం నావే! హంగేరీ కోటలు, ఇంగ్లాండు రాణిగారి తల పక్కన కోటలు... నెల్లూరు జిల్లాలో మా వాకాడు దాటి లోకం చూడని నాకు ఆ బురుజులంటే ఎంత పిచ్చో.

స్టాంపు వెనక కాగితం ఊడాలంటే నీళ్ళలో నానబెట్టాలి. అక్కడే వచ్చింది చిక్కు. సముద్రం పక్కన ఊరు మాది, బావి నీళ్ళు కూడా ఉప్పే. మంచినీళ్ళకి అమ్మ ఇసుక దిబ్బల అవతల చెలమ దాకా పోయి, ఊరిన కాసిన్ని నీళ్ళు చిప్పతో తోడి, బిందె నెత్తిన పెట్టుకుని రావాలి. ఆ బిందెలో చెయ్యి పెట్టే ధైర్యం మాకెక్కడిది?

ఇంకేం... సముద్రపు నీళ్ళలోనే నానబెట్టేశాం! కాగితాలు చక్కగా ఊడొచ్చాయి. ఎండుచేపల చాప మీదే ఓ పక్కన ఆరబెట్టి, పుస్తకంలో దాచుకున్నాం. రాణిగారికి కూడా నెత్తళ్ళ వాసనే!

ఎండాకాలం చెమ్మగాలి తిరిగింది. ఓ రోజు పుస్తకం తెరిస్తే... ఉప్పు చెమర్చి, నా కోటలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే ముద్ద! లాగితే చిరుగుతున్నాయి. నేను ఎత్తుకున్న రాగానికి వీధి వీధంతా వచ్చేసింది.

అమ్మ అప్పుడే బిందె దించింది. వీపు విమానం మోత మోగుతుందనుకున్నా. ఆవిడ ముద్దని అటూ ఇటూ తిప్పి చూసి, పళ్ళెం తెచ్చి, చెంబెడు మంచినీళ్ళు పోసేసింది!

"ఏడవబాక మే... ఉప్పు పట్టింది గదా, మంచినీళ్ళకే వదలతాది."

కాసేపటికి ఒక్కో కోటా విడివడి పైకి తేలింది. మస్తానమ్మా నేనూ ఒకటే గంతులు! అమ్మ కూడా వంగి, కొండ మీది కోట ఒకదాన్ని తడి వేలి మీదికి ఎత్తి తేరిపార చూసింది.

"అబ్బో... అంత ఎత్తుకి నీళ్ళు ఎవురు మోస్తారు మే?"

ఆ రోజు పడీ పడీ నవ్వాం...

ఇప్పుడు ఉత్తరాలూ లేవు, స్టాంపులూ లేవు. వేలు కదిపితే ఏ దేశపు కోటైనా ఫోన్లోనే కనిపిస్తుంది. మీరు ఏం పోగుచేసేవాళ్ళో, ఆ పిచ్చిని మీ ఇంట్లో ఎవరు భరించారో రాయండి, చదవాలనుంది. నాకైతే ఏ కోట బొమ్మ చూసినా బురుజుల మీదికి చూపు పోదు... ముందు మెట్లే కనిపిస్తాయి, వాటి మీద నెత్తిన బిందెతో మా అమ్మ.