పక్కింటి అంజూర చెట్టు

ఫ్రీమాంట్ ఫార్మర్స్ మార్కెట్‌లో అంజూర పళ్ళ వాసన తగిలితే చాలు, న్యూజెర్సీలో చిన్నప్పటి మా పక్కింటి తాత కళ్ళముందు కదులుతాడు. సిసిలీ నుంచి వచ్చినవాడు. ఆదివారాలు నల్లకోట్ల మనుషులు వచ్చి, పెరట్లో అంజూర చెట్టునీడలో కూర్చున్న ఆయన చేతిని ముద్దుపెట్టుకునేవారు. దీవెనల కోసమనుకునేదాన్ని.

నా ఏడో పుట్టినరోజున, "పెద్దవాళ్ళకి దండం పెట్టిరా," అంది అమ్మ. పరుగున వెళ్ళి తాత కాళ్ళమీదికి వంగాను. నల్లకోట్ల వాళ్ళ చేతులన్నీ ఒక్కసారిగా కోట్ల లోపలికి వెళ్ళాయి. చాక్లెట్లు తీస్తున్నారనుకున్నాను. తాత చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు.

"ఏం కావాలి?" అన్నాడు యాస ఇంగ్లీషులో.

"ఏం వద్దు. ఇవాళ నా బర్త్‌డే."

కొమ్మ వంచి, తానే ఒక పండు కోసి నా అరచేతిలో పెట్టాడు.

ఆయన మాఫియా పెద్ద అని, పోలీసులు ఆయన్ని అరెస్టు చేశాక నాన్న చెప్పాడు. ఏమీ అడక్కుండా, భయపడకుండా ఆయన ముందు వంగింది బహుశా నేనొక్కదాన్నే.