దొరువు ఉప్పెక్కిన ఏడు

మాది తెనాలిలో పూలకొట్టు. మార్కెట్‌కి వెళ్లే దారిలో, ఇత్తడి సామాన్ల కొట్టుకీ టిఫిన్ హోటలుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. నేను పుట్టింది రేపల్లెలో. పెళ్లయి ఇక్కడికొచ్చాక మా అత్తగారి పక్కన కూర్చుని మాల కట్టడం నేర్చుకున్నాను. ఆవిడ పోయాక కొట్టు నా చేతికొచ్చింది. మా ఆయన పెళ్లిపందిళ్లకు పూల డెకరేషన్ చేస్తారు. కొట్లో కూర్చునేదీ, ఏ పువ్వు ఎక్కణ్నుంచి తెప్పించాలో చూసుకునేదీ నేను.

పూలకొట్టు వాళ్లకి నెలలు పూలతోనే గుర్తుంటాయి. దసరాకి బంతి, కార్తీకానికి చామంతి, మాఘం దాటితే మల్లె. చామంతి మాకు రేపల్లె అవతల ఏటి లంకల నుంచి వచ్చేది. కృష్ణకి పెద్ద వరదొచ్చిన ఏడు ఆ తోటలన్నీ బురద కిందకి పోయాయి. మరుసటేడు రైతులు మళ్లీ నాటారు, మళ్లీ నీళ్లొచ్చాయి. ఆ తర్వాత వాళ్లు చామంతి మాట ఎత్తలేదు. అప్పట్లో నేనంతగా బెంగపడలేదు. మల్లెలున్నాయిగా అనుకున్నాను.

మల్లెలంటే మాకు బాపట్ల పిన్ని. చుట్టమేమీ కాదు. మా అత్తగారి కాలం నుంచీ పూలు పంపే మనిషి కాబట్టి నేను పిన్ని అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది. బాపట్లలో రైలు దిగి ఆటోలో సముద్రం వైపు కాస్త దూరం పోతే ఆవిడ ఊరు. అంతా ఇసుక నేల. భర్త పోయాక తన వాటాకొచ్చిన నేల చెక్కలో మల్లె వేసింది, గట్ల వెంబడి కనకాంబరం పెట్టింది. నీళ్లకి దొరువు ఉండేది. దొరువంటే ఇసుకలో తవ్వుకున్న గుంట. కొద్ది లోతులోనే తియ్యటి నీళ్లు ఊరతాయి. పిన్ని చేతికో బిందెతో అందులోకి దిగి ముంచుకుని, పైకెక్కి, ఒక్కో మొక్క మొదట్లో పోసేది. బోరు వేయించుకోవచ్చుగా అని నేనొకసారి అన్నాను.

"లోతుకి పోతే ఉప్పు తగులుద్దే అమ్మాయ్. పైపైన ఉన్నదే మనది" అంది.

తెల్లారకముందే, మొగ్గ ఇంకా బిగువుగా ఉండగానే కోసి, బుట్ట మీద తడిగుడ్డ కప్పి, రోజూ తెనాలి వచ్చే పాలావిడ చేత పాసింజరులో పంపేది. నేను స్టేషన్‌కెళ్లి తెచ్చుకునేదాన్ని. గుడ్డ తీయకముందే ఆ వాసనకి ప్లాట్‌ఫారం మీద వాళ్లు తలలు తిప్పేవారు. ఆ మొగ్గలతో పూలజడ కుడితే సాయంత్రం పెళ్లిపీటల మీద పిల్ల కూర్చునే వేళకి విచ్చుకునేవి. ఇన్నేళ్లలో ఏ పెళ్లివారూ నన్నొక మాట అనలేదంటే అది నా పనితనం ఒక్కటే కాదు.

పిన్ని చెక్కకి పక్కనే ఆవిడ మరిది వాటా ఉంది. సరుగుడు తోట. ఒక ఏడు ఆయన దాన్ని రొయ్యల చెరువుకి లీజుకిచ్చేశాడు. సరుగుడు నరికేశారు, ప్రొక్లెయిన్ వచ్చి తవ్వింది, సముద్రపు కాలవలోంచి ఉప్పునీళ్లు తోడి నింపారు. ఈ సంగతి పిన్ని ఫోన్లో చెప్పింది కానీ, దానికీ మల్లెలకీ ముడిపెట్టి నేను ఆలోచించలేదు. ఆవిడా ఆలోచించినట్టు లేదు. మోటార్ల రొదకి నిద్రపట్టడం లేదని మాత్రం విసుక్కుంది.

మరుసటి వేసవిలో చేబ్రోలు నుంచి పెళ్లివారు పూలజడ కోసం వచ్చారు. "ముత్యాలూ గిత్యాలూ కలపొద్దండి. అచ్చంగా మల్లెమొగ్గలే ఉండాలండి. మా అమ్మాయి పట్టుబట్టి కూర్చుంది" అన్నారు పెళ్లికూతురి తల్లి. సరేనన్నాను. పెళ్లిరోజు పొద్దున బుట్ట చేతికి రాగానే తేలిగ్గా అనిపించింది. గుడ్డ తీస్తే మొగ్గలు బియ్యపు గింజల్లా సన్నగా ఉన్నాయి. కొసలు మాడినట్టు గోధుమరంగు తిరిగాయి.

"ఏంటి పిన్నీ, ఇలా ఉన్నాయేంటి?" అని ఫోన్ చేశాను.

"అయ్యే ఉన్నయ్యే. చెట్టుకి ఇంకేం లేవు" అంది. "నువ్వొకసారి రా."

ఆ రోజుకి గుంటూరు మార్కెట్ నుంచి తమిళనాడు మల్లెలు ఐసు పెట్టెలో తెప్పించి జడ కుట్టి పంపాను. మర్నాడు బాపట్ల వెళ్లాను.

తోటలో మొక్కలన్నిటికీ ఆకుల అంచులు ఎండిపోయి ఉన్నాయి. మొదళ్ల దగ్గర ఇసుక మీద తెల్లగా పొడి కట్టింది. పిన్ని నన్ను దొరువు దగ్గరికి తీసుకెళ్లి దోసిట్లో నీళ్లు ముంచి, "నాలిక మీదేసుకో" అంది. వేసుకున్నాను. వెంటనే ఉమ్మేశాను. గట్టుకి అవతల చెరువులో, రొయ్యలకి గాలి ఆడేందుకు పెట్టిన నీటి చక్రాలు తిరుగుతున్నాయి. రెంటికీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా కూడా లేదు.

ఇద్దరం చెరువు లీజుకి తీసుకున్నాయన దగ్గరికి వెళ్లాం. మంచిమాటకారి. కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు.

"నా గట్టు గట్టిదమ్మా. నీళ్లు ఎటూ పోవండి. ఎండలు ముదిరితే దొరువులు ఉప్పెక్కడం మామూలేనండి."

"నేను కాపురానికొచ్చిన కాడి నుంచి చూస్తన్నా బాబూ. ఏ ఎండకీ ఎక్కలేదు" అంది పిన్ని.

"అయినా ఈ పూలు మీకేం పెడతాయి చెప్పండి? మీ చెక్క కూడా కలిపారనుకోండి, మొత్తం ఒకే చెరువు చేసేస్తాను. కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు మీరు."

పిన్ని కూల్‌డ్రింకు ముట్టుకోకుండానే లేచింది. ఇంటికొచ్చాక బిందె బోర్లించి దాని మీద కూర్చుని, "నా ఇంటోళ్లే ఇచ్చుకున్నాక వాణ్ననేం లాభం" అంది.

ఆ ఎండల్లో మేము చేయగలిగిందంతా చేశాం. ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒక చోట చెరువుకి అనుమతి ఉందన్నారు, ఇంకో చోట దొరువు సంగతి తమ కిందకి రాదన్నారు. వ్యవసాయం చదివినాయన ఒకరు ఉప్పు విరగడానికి జిప్సం చల్లమంటే చల్లాం. మంచినీళ్ల ట్యాంకరు తెప్పించి మొక్కలకి పోయించాం. ట్యాంకరు వెళ్లిపోయిన గంటకి ఇసుక ఆ నీళ్లన్నీ మింగేసి ఎప్పటిలా పొడిగా కనిపించింది.

వానలు పడ్డాక కొత్త చిగుళ్లొచ్చాయి. పిన్ని గొంతులో ప్రాణం వచ్చింది. "చూశావా, బతికినయ్యి. మల్లెకి మొండితనం ఎక్కువే" అని ఫోన్ చేసింది. నేనూ నమ్మాను. మా ఆయన మాత్రం, "ఎండలు రానీ చూద్దాం" అన్నారు.

ఎండలొచ్చాయి. అప్పటికి పిన్ని చెక్కకి రెండో వైపునా చెరువు తవ్వారు. మాఘమాసం వెళ్లిపోయినా బుట్ట రాలేదు. ఒకరోజు తనే ఫోన్ చేసి, "మొక్కలు తీసేయిస్తన్నా. అంట్లు కావాలంటే వచ్చి పట్టుకెళ్లు" అంది. నేనూ మా ఆయనా వెళ్లాం. కూలీలు గడ్డపారలతో మొదళ్లు పెళ్లగించి కుప్ప వేస్తున్నారు. పిన్ని ఆ వైపు చూడకుండా ఇంటి గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కాస్త పచ్చిగా ఉన్న కొమ్మలు మేము గోనెసంచిలో తెచ్చుకుని, మేడ మీద డ్రమ్ముల్లో నాటాం. ఒక్కటీ వేరు పట్టలేదు.

చివరికి ఆ చెక్క కూడా చెరువుకే ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? గడ్డి కూడా మొలవడం మానేసిన నేల అది. లీజు వస్తున్నా పిన్ని ఇంట్లో కూర్చోలేకపోయింది. ఊళ్లో ఆడవాళ్లతో పాటు రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టింది. పొద్దున వ్యాను వస్తుంది, అందరినీ ఎక్కించుకుపోతుంది. రోజంతా ఘాటు మందు కలిపిన ఐసునీళ్లలో చేతులు పెట్టి, తల తుంచి, పొట్టు ఒలవడం.

నాకు మనసొప్పలేదు. "మా కొట్టుకి రా పిన్నీ. మాలలు కడుతూ కూర్చుందువుగాని. మా ఇంట్లోనే ఉందువుగాని" అని పిలిచాను. వచ్చింది. పీట మీద కూర్చుని అరటినార తీసుకుంది. చిన్నప్పటి నుంచి చేసిన పని, మరిచిపోయేది కాదు. కానీ ఐసుకి వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. రొయ్య ముళ్లు గుచ్చుకున్న చోట్ల చర్మం పగిలి ఉంది. ముడి వేస్తుంటే మొగ్గ కాడ నలిగిపోతోంది, వదులు చేస్తే జారిపోతోంది. కట్టిన మూరెడు దండని ఎత్తి చూస్తే సగం మొగ్గలు ఒళ్లో రాలాయి. నేను చూడనట్టు గులాబీల మీద నీళ్లు చల్లుకుంటూ ఉండిపోయాను.

సాయంత్రం చీర కొంగు దులుపుకుని లేచింది.

"పోతానే అమ్మాయ్."

"అప్పుడేనా? రేపు చూద్దాంలే పిన్నీ, అలవాటవుద్ది."

"అవదు. నీ సరుకు పాడవుద్ది. అక్కడైతే పాడుచేసేదేం లేదు."

స్టేషన్ దాకా వెళ్లి రైలెక్కించాను.

ఇప్పుడు మా కొట్లో పూలన్నీ పెట్టెల్లో వస్తాయి. బెంగుళూరు గులాబీలు, జర్బెరాలు, ఎక్కడో దక్షిణాది మల్లెలు. మా ఆయన పందిళ్లకి గుడ్డపూలే వాడుతున్నారు. ఒక పెళ్లికి కట్టినవి విప్పి, దుమ్ము దులిపి, ఇంకో పెళ్లికి కడతారు. ఆయన్ననడానికి లేదు, అడిగేవాళ్లే అవి అడుగుతున్నారు. సీజన్ అనే మాటే మా కొట్లో వినపడటం లేదు.

మొన్న వేసవిలో ఒక ఆదివారం పిన్నిని చూడటానికి వెళ్లాను. ఖాళీచేతులతో వెళ్లలేక పెట్టె మల్లెల్లో మంచివి ఏరి దండ కట్టి తీసుకెళ్లాను. చిక్కిపోయింది. దండ చేతిలోకి తీసుకుని, మొగ్గని వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"ఏ ఊరియ్యి?"

"తమిళనాడు నుంచి వస్తాయి పిన్నీ."

"మొగ్గ బాగానే ఉంది" అంటూ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి పీల్చి, మళ్లీ పీల్చింది. "వాసనుందా వీటికి?"

ఉంది. గది నిండా ఉంది. అయినా, "ఐసులో పెడతారుగా, పోతుంది" అన్నాను.

పిన్ని తల అడ్డంగా ఊపింది. "వీటిది కాదులే. షెడ్డులో ఆ మందునీళ్లు... పోయిన చలికాలం నుంచి నాకేం తెలవట్లా. పప్పు మాడినా తెలవట్లా."

దండని దేవుడి పటానికి వేసింది. టీ పెట్టి ఇచ్చింది. ఆదివారమైనా షెడ్డుకి సరుకొచ్చిందట, బయట వ్యాను హారన్ కొట్టింది. తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, "ఎండలో నిలబడకు, ఆటో ఎక్కి పో" అంటూ వెళ్లి వ్యానెక్కింది. లోపల నిలబడే చోటు కూడా లేదు. ఎవరో కాస్త జరిగితే తలుపు పక్కన సర్దుకుంది. నేను ఆటో కోసం చూస్తూ రోడ్డు మీద నిలబడ్డాను. రెండు వైపులా చెరువుల మీద ఎండ తెల్లగా మెరుస్తోంది.