మోగని ఇటుక

తాడేపల్లిగూడెం శివార్లలో ఇటుకల అబ్దుల్ అంటే తెలియనివాళ్లు లేరు. ఏళ్ల తరబడి బట్టీ కాల్చాడు. వచ్చినవాళ్ల చేతికి రెండు ఇటుకలిచ్చి, "ఒకదానికొకటి కొట్టి చూడండి. ఖంగుమనకపోతే నా మొహాన కొట్టండి" అనేవాడు. ఆ చుట్టుపక్కల జనానికి ఇటుక పరీక్ష నేర్పిన గురువు ఆయనే మరి!

అలాంటివాడు బట్టీ ఆర్పేశాడు. బొగ్గు పొగకు భార్య నసీమాకు ఆయాసం ముదిరింది. ఆ పొగ మన ఇంటికే చేటు కాదు, లోకాన్నంతా వేడెక్కిస్తోందని కూతురు షాయిస్తా రోజూ పోరు. సరేనని కరెంటు ప్లాంటు బూడిద తెప్పించి, ఇసుకా కాస్త సిమెంటూ కలిపి మిషన్లో ఒత్తి, నిప్పు లేకుండా నీళ్లతోనే గట్టిపరిచే ఇటుకలు మొదలుపెట్టాడు.

వచ్చినవాళ్లంతా కొట్టి చూశారు. బూడిద ఇటుక ఖంగుమంటుందా? టప్పుమంది. అంతే, వెనక్కి తిరిగారు. తను తీసిన గోతిలో తనే పడ్డాడు పాపం!

కైకలూరు దగ్గర చేపల చెరువు మీద బతికే మరిడమ్మ ఇల్లు కట్టుకుందామని వచ్చింది. ఆమె కూడా కొట్టి చూసింది.

"ఏవండీ సాయిబుగారూ, ఇది పలకట్లేదేంటండీ? ఖంగుమనాలని మీరే కదండీ చెప్పారు!"

"అది కాల్చిన ఇటుక మాటండీ. దీని సంగతి వేరు."

"ఏమోనండీ" అంటూ ఒక్క ఇటుక మాత్రం అడిగి పట్టుకెళ్లింది. చేపలు తోముకోవడానికట! అబ్దుల్ మనసు చివుక్కుమంది. వానలు వెళ్లేదాకా చూసి, ఎవరూ కొనకపోతే మళ్లీ బట్టీ రాజేయక తప్పదనుకున్నాడు. నసీమా ఆయాసం తలుచుకుంటే ముద్ద దిగేది కాదు.

వానలు వెళ్లాయి. కొనేవాళ్లు రాలేదు. చివరికి బొగ్గు లారీ వచ్చి గేటు ముందు ఆగిన పూటే మరిడమ్మ ఆటో దిగింది. చేతిలో అదే ఇటుక, నీచు వాసన గుప్పుమంటూ.

"చూడండి సాయిబుగారూ! వానంతా చెరువు గట్టునే నానిందండీ. గొరకలూ కొర్రమీన్లూ అన్నీ దీనిమీదే రుద్దానండీ. పొలుసులు ఊడాయి గానీ దీని పెళ్ల ఊడలేదండీ! ఎప్పుడో మీ దగ్గర కొన్న పాత ఎర్రిటుక పక్కనేస్తే అదే అరిగిపోయింది. ఇల్లంతటికీ ఇవే ఇవ్వండి. మా పేటలో కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, పంపిస్తాను."

తన పాత ఇటుక ఓడిపోయిందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు అబ్దుల్‌కి. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఇంతలో నసీమా గేటు దాకా వచ్చి, "లారీ వెనక్కి తిప్పు నాయనా!" అని డ్రైవర్‌కి గట్టిగా కేకేసింది. మధ్యలో ఎక్కడా ఆయాసపడలేదు.

ఇప్పుడెవరైనా రెండు ఇటుకలు చేతిలోకి తీసుకుంటే చాలు, అబ్దుల్ పరుగెత్తుకొస్తాడు.

"కొట్టకండి బాబూ! ఇంటికి పట్టుకెళ్లి చేపలు తోమి చూడండి. పెళ్ల ఊడితే నా మొహాన కొట్టండి."